ముందు దండం ఎవరిది?

టూర్ మేనేజర్ కావాలనుకునే పిల్లలు నన్ను వెతుక్కుంటూ నంద్యాలలో మా ఇంటికి వస్తుంటారు. వాళ్ళు అడిగేవన్నీ పాస్‌పోర్టుల గురించి, విమానాల గురించి, హోటల్ గదుల గురించి. అవి నేర్చుకోవడం బొరుగులు నమిలినంత తేలిక. పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాడు కూడా ఏడ్చి మొత్తుకుని ఎట్లాగో ఇల్లు చేరతాడు. దండం తప్పినవాడే ఈ జన్మకు తేరుకోడు. అందుకే నేను ముందు వాళ్ళను చేతులు జోడించి చూపించమంటాను. వాళ్ళు నవ్వుతారు. నవ్వండి నాయనా, మొదట్లో నేనూ నవ్వినవాణ్ణే.

నంద్యాల నుంచి, ఆళ్ళగడ్డ నుంచి జనాన్ని థాయిలాండ్ తీసుకుపోయి, చెక్కు చెదరకుండా వెనక్కి తీసుకురావడం నా వృత్తి. ఇరవై ఏళ్ళకు పైగా అదే పని. బ్యాంకాక్ విమానాశ్రయం నేల నా చెప్పుల వల్లనే అరిగిందని అక్కడివాళ్ళకు నా మీద ఇప్పటికీ గుర్రు. యాభై దాటిన కొత్తలో నా మోకాళ్ళు రెండూ కూడబలుక్కుని రాజీనామా ఇచ్చాయి. వాటి వెనకాలే నేనూ ఇచ్చాను. ఈ వయసుకే రిటైర్మెంటేందప్పా అని ఎవరైనా అడిగితే, ముందు ఒక బస్సెడు విత్తనాల డీలర్లను వెంటబెట్టుకుని మన నంద్యాల బజారు దాటించి చూపించమంటాను. అందరూ ఆ చివరకు చేరితే అప్పుడు మాట్లాడుకుందాం.

జీతాలు, బిల్లులు, ఎవడు ఎప్పుడు మేనేజరయ్యాడు వంటివి ఇక్కడ రాయను. అవి చదివి బాగుపడినవాడు లేడు.

మా ఓనరు కొలతలు

నన్ను పనిలో పెట్టుకున్న ఓనరు సుబ్బరాయుడన్న. ఒక మేడ మీద ఆయన ట్రావెల్స్ ఆఫీసు. అది ఎంత ఇరుకంటే లోపల ఒకడు ఆవలించాలంటే ఇంకొకడు బయటికి పోయి నిలబడాలి. విత్తనాల కంపెనీలు, పురుగుమందుల కంపెనీలు ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లను బహుమతిగా బ్యాంకాక్ పంపిస్తాయి. వాళ్ళను తిప్పుకురావడమే మా బతుకుదెరువు.

చేరిన రోజే సుబ్బరాయుడన్న నన్ను ఎదురుగా నిలబెట్టి పాఠం చెప్పాడు.

"చూడప్పా, చిన్న రైతు వచ్చినాడనుకో, తల ఊపితే చాలు. అంగడాయప్ప వచ్చినాడనుకో, కూర్చున్న కాడనే చేతులు జోడించు. డీలరు వస్తే కుర్చీలోంచి లెయ్. ఆళ్ళగడ్డ పెద్దాయన వచ్చినాడంటే మాత్రం మెట్లు దిగి కారు కాడికే పో. ఆయన కాలు కింద పెట్టకముందే నీ చేతులు పైకి లేసుండల్ల."

"మళ్ళా ఆయన గూడ మనకు దండం పెడ్తాడా అన్నా?"

సుబ్బరాయుడన్న చూసిన చూపుకు గోడ మీది క్యాలెండరు తనంతట తానే మరుసటి నెలకు తిరిగింది.

"ఆయన గడ్డం ఎత్తుతాడు. అదే ఎక్కువ మనకు. దండం అంటే ఏమనుకున్నావ్? ఖర్చు లేని పెట్టుబడిరా అది."

ఆయన తప్పు చెప్పలేదు. మా వైపు దండం ఒట్టి మర్యాద కాదు. అది ఓటు, అది పార్టీ, అది పంచాయితీలో నీ పక్కన ఎవరు నిలబడతారో చెప్పే జాతకం. పొద్దున బజార్లో ఎవరిని చూసి ముందు చేతులెత్తావో మధ్యాహ్నానికి ఉయ్యాలవాడ దాకా తెలిసిపోతుంది. ఉయ్యాలవాడకు ఆటో కంటే ముందు ఆ కబురే చేరుతుంది. ఇద్దరు పెద్దమనుషులు ఒకేసారి ఎదురైతే చెప్పు తెగిందని వంగి, ఇద్దరూ దాటిపోయేదాకా లేవనివాళ్ళను నేను చూశాను. కొందరు చెప్పులు లేకుండా వచ్చి కూడా వంగేవాళ్ళు.

నోయ్ చెప్పిన ఎత్తులు

బ్యాంకాక్‌లో మా బస్సెక్కే గైడు పేరు నోయ్. జేబులో పెట్టుకుపోగలిగేంత మనిషి. మైకు పట్టుకుందంటే మాత్రం సముద్రం రెండడుగులు వెనక్కి తగ్గేది. హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేది. ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను.

థాయివాళ్ళ దండాన్ని వై అంటారు. నోయ్ ప్రతి గుంపుకూ దాన్ని చేసి చూపించేది. సమానులకైతే జోడించిన చేతులు గుండె దగ్గర. వయసులో పెద్దవాళ్ళకైతే ముఖం దాకా, కాస్త తల వంచి. తల్లిదండ్రులకు, గురువులకు బొటనవేళ్ళు ముక్కుకు తగిలేట్టు. బౌద్ధ సన్యాసులకైతే ఇంకా పైకి, కనుబొమల మధ్యకు. చిన్నవాడు ముందు పెట్టాలి, పెద్దవాడు బదులు పెడతాడు. సన్యాసులు మాత్రం బదులు పెట్టరు. హోటళ్ళలో, దుకాణాల్లో పనిచేసేవాళ్ళు పెడితే నవ్వి తల ఊపితే సరిపోతుంది.

ఇది మా డీలర్లెవరికీ వింతగా తోచలేదు. ఇంటి దగ్గర తాము రోజూ కొలుస్తున్న కొలతలేగా అవి! ఒక తేడా ఉంది, అది నేను గట్టిగా చెబుతాను, ఎవరికి కోపమొచ్చినా సరే. వాళ్ళు ఎత్తును బయటపెట్టి, పిల్లలకు బడిలో నేర్పుతారు. మనవాళ్ళు దాన్ని కారులో, పొలంలో, కులంలో దాచిపెట్టి, తప్పినప్పుడు మాత్రం బయటికి తీసి కొడతారు. అక్కడ దండానికి బదులు పెట్టనవసరం లేనిది సన్యాసులకు. మా వైపు ఆ సౌకర్యం గన్‌మెన్ ఉన్నవాళ్ళకు.

హోటల్ గుమ్మంలో వెంకటసామన్న

ఒకసారి ప్యాపిలి నుంచి ఒక గుంపు వచ్చింది. వాళ్ళలో వెంకటసామన్న అని ఒక వేరుశనగ విత్తనాల వ్యాపారి. బదులు పెట్టని దండం ఇంటిదాకా వెంటపడి వచ్చి, రాత్రి మంచం కింద పడుకుంటుందని ఆయన నమ్మకం.

హోటల్ గుమ్మంలో కాపలా మనిషి వై పెట్టాడు. వెంకటసామన్న సంచీ కిందపెట్టి, తల వంచి దండం పెట్టాడు. అంత పెద్దాయన అంత వంగి పెడితే ఊరుకుంటే బాగుండదని కాపలా మనిషి ఇంకాస్త వంగి పెట్టాడు. వెంకటసామన్న తగ్గుతాడా? నేను చూసేసరికి ఇద్దరి తలలూ మోకాళ్ళ దాకా వచ్చాయి. వెనక మా బస్సు, దాని వెనక ఇంకో బస్సు, దాని వెనక బ్యాంకాక్ నగరం మొత్తం ఆగిపోయింది.

నోయ్ పరుగెత్తుకొచ్చి, నవ్వితే చాలని చెప్పింది. నేను ఆ మాట తెలుగులో చెప్పాను.

"నవ్వితే ఎగతాళి చేసినట్టుంటాది గదప్పా?" అన్నాడు వెంకటసామన్న, వంగే ఉండి.

మరునాడు ఒక తినుబండారాల అంగడి ముందు చేతులు జోడించిన ప్లాస్టిక్ బొమ్మ కనబడింది. వెంకటసామన్న దానికీ బదులు పెట్టాడు. పెట్టి, అది చేతులు దించేదాకా కదలనన్నాడు. "ఈయప్ప యాడ దించుతాడు? పట్టుదల మనిషి మాదిరుండాడు" అని దాన్ని మెచ్చుకున్నాడు కూడా.

పిల్లల్లారా, ఈ పనిలో మీకు వెంకటసామన్నలు వందమంది తగిలినా భయపడకండి. ఎక్కువ దండాలు పెట్టేవాడితో బస్సు ఆలస్యమవుతుంది, అంతే. బదులు పెట్టనివాడితోనే వస్తుంది అసలు ముప్పు.

పెద్దాయన బయల్దేరడం

ఆళ్ళగడ్డ పెద్దాయన పేరు రాయను. ఆయనను పేరు పెట్టి పిలిచిన చివరి మనిషి నామకరణం చేసిన పురోహితుడు. ఆయన మీసం ఒక కొస నంద్యాల వైపు, ఇంకో కొస అహోబిలం కొండ వైపు. మధ్యలో ముఖం. ఆయన తుమ్మితే మూడు మండలాల్లో జనం నూరేళ్ళని దీవించేవాళ్ళు. విత్తనాల కంపెనీకి ఆ తావులో అందరికంటే పెద్ద డీలరు ఆయనే. ఏ ట్రావెల్స్‌లో పోవాలో మిగతా డీలర్లకు చెప్పేది కూడా ఆయనే. అంటే మా ఆఫీసు తాళంచెవి ఆయన నడుముకు వేలాడుతుండేది.

ఆయన థాయిలాండ్ వస్తానన్నాడు, ఒక షరతు మీద. బయట తిండి ముట్టడు. అందుకని వంటమనిషి మస్తానన్నను తీసుకుపోయాము. మస్తానన్న నంద్యాల మనిషి. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఏ కులం, ఏ మతం పెళ్ళయినా పొయ్యి ఆయనదే. డెబ్బై దాటాయి. పెద్దాయన కంటే బాగా పెద్ద. కళ్ళద్దాలు దారంతో కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని ఆయన రాగిసంగటి కెలికాడంటే నల్లమల అడవిలో గాలి దారి మార్చుకునేది. నోరు మాత్రం పచ్చిమిరపకాయ.

బ్యాంకాక్‌లో దిగగానే హోటల్ కాపలా మనిషి పెద్దాయనకు వై పెట్టాడు. పెద్దాయన పొంగిపోయి, దీవిస్తున్నట్టు వాడి తల మీద చెయ్యి పెట్టాడు. థాయివాళ్ళ తల తాకకూడదు, అది వాళ్ళకు పెద్ద అమర్యాద. వాడు కొయ్యబారిపోయాడు. నోయ్ కళ్ళు మూసుకుంది.

"చూసినావా?" అన్నాడు పెద్దాయన నాతో. "ఈడ గూడ మనమంటే ఎవరో తెలుసు."

వెనక మస్తానన్న గరిటెల మూట దించుతూ గొణిగాడు. "నాక్కూడ పెట్టినాడు గదా. నేనేం ఏలినాననో!"

ఆ మాట పెద్దాయన చెవిన పడింది. ఏమీ అనలేదు. కొండచిలువ కూడా మింగే ముందు ఏమీ అనదు.

ముసలామె వాకిట్లో

మూడో రోజు కంపెనీ మమ్మల్ని బ్యాంకాక్ బయట ఒక వరి విత్తనాల పొలానికి పంపింది. దాని యజమానురాలు ఎనభై దాటిన ముసలామె. నోయ్ ఆమెను ఖున్ యాయ్ అంది, అంటే అమ్మమ్మగారు. ముసలామె తన ఇంటి అరుగు మీద వరసగా కుర్చీలు వేయించింది. వాటి ముందు, చెక్కిన చేతులున్న ఒక పెద్ద కుర్చీ. వచ్చినవాళ్ళలో అందరికంటే పెద్దవాడికట అది.

"మీలో పెద్ద ఎవరు?" అని నోయ్ నన్ను అడిగింది.

ఇంకెవరు? మా పెద్దాయనను చూపించాను. ఆళ్ళగడ్డలో ఎవరినడిగినా అంతే చూపిస్తారు. తను అడిగింది వయసని నాకు తట్టలేదు.

ముసలామె మెట్టు దిగి ఎండలో నిలబడింది. పెద్దాయన ఎదురుగా పోయి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ముసలామె నవ్వుతూ చూస్తోంది. పెద్దాయన నవ్వకుండా చూస్తున్నాడు.

నేను ఆయన చెవి దగ్గరికి పోయాను. "అన్నా, ఆమె పెద్దామె. ఈడ పద్ధతి ప్రకారం మీరే ముందు పెట్టల్ల."

"ఏందీ? నేనా?" అన్నాడు, పెదవి కదపకుండా. "వచ్చినోళ్ళం మనం. ఇంటామె పెట్టల్ల ముందు. మా నాయన నాకు నేర్పించింది అది."

"పోనీ ఒక్కసారికి..."

"నేను ముందర చెయ్యెత్తితే రేపు ఊర్లో ఎవడెత్తుతాడ్రా నాకు?"

ఆ మాటలో అబద్ధం లేదు. వెనక వరసలో ఉన్న డీలర్ల చేతులన్నీ బొడ్డు దాకా లేచి అక్కడే ఆగిపోయాయి. ఆయన కంటే ముందు పెడితే ఆయనకు పగ. పెట్టకపోతే ఆ ఇంటికి అవమానం. కొందరు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నట్టు నటించారు. బనియన్లో వచ్చిన ఒకాయన కూడా లేని గుండీ పెట్టుకున్నాడు. ఎండ ఎంతగా ఉందంటే మా నీడలు కూడా కాళ్ళ కిందికి దూరాయి.

అప్పుడు బస్సు దగ్గర్నుంచి కేక.

"ఏమైందప్పా, అందరూ ఆడనే నిలబడ్నారు? సంగటి చల్లారిపోతాంది ఈడ!"

మస్తానన్న పెద్ద గిన్నె మోసుకుంటూ జనాన్ని మోచేతులతో తోసుకుని ముందుకొచ్చాడు. ఎండలో నిలబడిన ముసలామెను చూశాడు. గిన్నె కింద పెట్టాడు. చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. కుడిచెయ్యి నుదుటికెత్తి సలాం చేసి, అది చాలదేమోనని రెండు చేతులూ జోడించాడు.

"సలామమ్మా. ఈ వయసులో ఎండలో నిలబడ్నావే? నీడకు పా, నీడకు పా."

ముసలామె ముఖమంతా నవ్వయింది. చేతులు జోడించి బదులు పెట్టింది. నోయ్‌ను ఏదో అడిగింది. నోయ్ నన్ను అడిగింది, ఆ తాత వయసెంత అని. నేను చెప్పాను. ముసలామె చేత్తో దారి చూపిస్తూ మస్తానన్నను తీసుకుపోయి, ఆ చెక్కిన కుర్చీలో కూర్చోబెట్టింది.

"నడుముకు బాగుండాదప్పా ఈ కుర్చీ!" అన్నాడు మస్తానన్న అరుగు మీది నుంచి నాకు వినబడేట్టు.

అంతే, బొడ్ల దగ్గర ఆగిన చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ గాలికి పొలంలో పైరు ఒక పక్కకు ఒరిగింది. వాకిట్లో చేతులు వెనక్కి కట్టుకున్నవాడు ఒక్కడే మిగిలాడు.

సంగటి చల్లారుతుంటే

పెద్దాయన తిరిగి నడిచి ఎదురుగా ఉన్న రేకుల కొట్టం కింద కూర్చున్నాడు. నన్ను వేలితో పిలిచి, డీలర్లకు వినబడేట్టు అన్నాడు.

"ఆ సాయిబు వచ్చి అందరి ముందర నా కాళ్ళు పట్టుకోవాల. అంతదాకా ఎవడూ గిన్నె ముట్టకూడదు. చెప్పుపో."

చెప్పేలోపలే నా ఫోను మోగింది. సుబ్బరాయుడన్న. కబురు అప్పటికే నంద్యాల చేరింది, ఫోను నొక్కడంలో పెద్దాయన వేళ్ళు అంత చురుకు.

"ఏం చేస్తాండావ్ రా ఆడ?"

"మస్తానన్న ఇంటామెకు దండం పెట్టినాడన్నా."

"దండం పెడితే ఎవడన్నా అలుగుతాడా?"

"ముందు పెట్టినాడన్నా."

దాంతో ఆయన గొంతు మెత్తబడింది.

"అట్లయితే కాళ్ళు పట్టుకోమను. ఒక్క నిమిషం పని. వంగుతాడు, లేస్తాడు. ఏం పోతాది?"

"ఆయన ఏం తప్పు చేసినాడన్నా కాళ్ళు పట్టుకోను?"

"తప్పు చేస్తేనే పట్టుకుంటారారా కాళ్ళు?" అన్నాడు సుబ్బరాయుడన్న. "పెద్దాయన చెయ్యి వదిలినాడంటే మన ఆఫీసుకు తాళమే. నీ ఉద్యోగం గూడ పోతాది, చెప్తాండా."

ఆయనను నేను ఈ రోజుకూ చెడ్డవాడనను. మెట్లు దిగి కారు దగ్గరికి పోయి పోయి ఆయనకు ఇంక పైకెక్కే దారి గుర్తులేదు, అంతే. కానీ ఆయన అన్న ఆ మాట మాత్రం నా చెవిలో కందిరీగలా తిరిగింది. తప్పు లేకపోయినా కాళ్ళు పట్టుకోవడం ఒక పద్ధతయితే, ఆ పద్ధతికి నేను జీతం తీసుకుని కాపలా కాస్తున్నానన్నమాట.

మస్తానన్న దగ్గరికి పోయాను. అప్పటికి ఆయన కుర్చీ దిగి గిన్నెల దగ్గర ఉన్నాడు.

"మస్తానన్నా, నిన్ను కాళ్ళు పట్టుకోమంటాన్నారు."

"ఎవరివి? ఆ ముసలామెవా? పట్టుకుంటా, దానికేం."

"పెద్దాయనవి."

మస్తానన్న కొట్టం వైపు చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన మాటలో మిరపకాయ ఘాటు లేకపోవడం అదే మొదటిసారి.

"ఆళ్ళగడ్డ చుట్టూ పెండ్లిండ్లన్నీ ఆయన చేతిలో ఉండాయప్పా. ఆయన వద్దంటే నన్ను ఎవరూ పిలవరు. ఇంట్లో పొయ్యి వెలగల్ల గదా." భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. మా వైపు మనిషి తువ్వాలు చంకలోకి పోయిందంటే నడుము వంగబోతోందని అర్థం. "పోయొస్తా. నువ్వు బాధపడాకు."

ఆయన్ను ఆపడానికి నేనెవరిని? పొయ్యి ఆయనది. పొమ్మని చెప్పడానికి కూడా నేనెవరినీ కాదని నాకు అప్పుడు తోచింది. ఇంకేం చెయ్యాలో తెలియక, పక్కనున్న ప్లేటు తీసుకుని ఆయన ముందు చాపాను.

"పోతే పోదువులే అన్నా. ముందు నాకు సంగటి పెట్టు. ఆకలైతాంది."

పొలంలో పిట్టలు కూడా ఆగిపోయాయి. పెద్దాయన తినకముందు, తినొద్దన్నాక, ఆయన చూస్తుండగా ప్లేటు చాపినవాడు ఆ తావులో నాకు ముందు పుట్టలేదు.

మస్తానన్న ప్లేటు వైపు చూశాడు, కొట్టం వైపు చూశాడు. చంకలోంచి తువ్వాలు తీసి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. గుమ్మడికాయంత సంగటి ముద్ద నా ప్లేట్లో పెట్టి, మధ్యలో గుంట చేసి, నాటుకోడి పులుసు పోశాడు. నేను వాకిట్లో, ఎండలో, అందరికీ కనబడేట్టు నిలబడి తిన్నాను. నా కళ్ళలోంచి వచ్చిన నీళ్ళతో ఆ పొలానికి ఒక తడి పెట్టొచ్చు. కారం వల్లేనని అందరికీ చెప్పాను.

పెద్దాయన కొట్టం కింది నుంచి అరిచాడు. "రేయ్! నేనేం చెప్పినా, నువ్వేం చేస్తాండావ్?"

"తింటాండానన్నా," అన్నాను. జీవితంలో నేను ఏమీ పెంచకుండా, తుంచకుండా చెప్పిన మాట అదొక్కటే.

అప్పుడు జూపాడు బంగ్లా డీలరు ఒకాయన మెల్లగా కదిలాడు. "నాకు షుగరప్పా," అన్నాడు ఎవరితోనో చెప్పినట్టు గాలితో. "టయానికి తినకుంటే పడిపోతా." ప్లేటు తీసుకున్నాడు. ఆ వెనక ఇంకొకాయనకు గ్యాస్. ఇంకొకాయనకు మాత్ర వేసుకోవాలి. ఇంకొకాయనకు డాక్టరు ఖాళీ కడుపుతో నిలబడొద్దన్నాడు. చూస్తుండగానే వరస బస్సు దాకా పోయింది. ఆ మధ్యాహ్నం మా డీలర్లకు వచ్చినన్ని రోగాలు ఏ పెద్దాసుపత్రికీ తెలియవు. ఎవరూ పెద్దాయనను ఎదిరించలేదు. అందరూ జబ్బు పడ్డారు, అంతే. మనవాళ్ళ తిరుగుబాటు ఇట్లాగే వస్తుంది, మందుల చీటీ పట్టుకుని. నేను దాన్ని తక్కువ చెయ్యను.

ముసలామెకు ఇదంతా అర్థం కాలేదు. ఒక అతిథి ఎండలో తినకుండా కూర్చున్నాడని మాత్రం కనబడింది. తనే ఒక ప్లేటులో సంగటి పెట్టించుకుని కొట్టం దాకా పోయి, ఆయన చేతికిచ్చింది. పెద్దాయన ఎంతైనా ఆకలి ఉన్న మనిషి. ప్లేటు అందుకుని, అలవాటు ప్రకారం గడ్డం పైకెత్తాడు.

ముసలామె ఆందోళనగా నోయ్‌తో ఏదో చెప్పింది. కాసేపటికి ఇంట్లోంచి ఒక మనిషి నొప్పుల మందు సీసా తెచ్చి పెద్దాయన పక్కన పెట్టాడు. పాపం, ఆయనకు మెడ పట్టేసిందని ఆమె అనుకుంది.

మిగతా ప్రయాణమంతా పెద్దాయన ఎవరి వైపూ గడ్డం ఎత్తలేదు.

ఆ తర్వాత

నంద్యాల చేరిన రోజే నా ఉద్యోగం పోయింది. సుబ్బరాయుడన్న తాళంచెవులు తీసుకుని, "నువ్వు మంచోనివే గానీ నాకు భార్యాబిడ్డలుండారప్పా" అన్నాడు. నాకు లేనట్టు! మా ఇంటి ముందు గదిలోనే ఒక బోర్డు తగిలించి సొంతంగా మొదలుపెట్టాను. మొదట్లో ఆ గదికి ఈగలు కూడా వేరే ట్రావెల్స్‌లో విచారించుకుని వచ్చేవి. పెద్ద కంపెనీలు రాలేదు. చిన్న వ్యాపారులు వచ్చారు, కిరాణా వాళ్ళు, టైలర్లు, తమ డబ్బుతో ఒక్కసారి విమానం ఎక్కాలనుకున్నవాళ్ళు. వెంకటసామన్న మళ్ళీ వచ్చాడు, ఆ ప్లాస్టిక్ బొమ్మ ఎట్లుందో చూడాలని. నా మోకాళ్ళు చాలించేదాకా అదే నా ఉద్యోగం.

ఒకసారి ఆళ్ళగడ్డ నాలుగు రోడ్ల దగ్గర టీ తాగుతుంటే పెద్దాయన కారు ఆగింది. అద్దం దిగింది. ఆయన చూస్తూ ఉన్నాడు, నా చేతులు ఎప్పుడు లేస్తాయా అని. వయసులో పెద్దవాడు, కాబట్టి పెట్టాను. టీ గ్లాసు పక్కన పెట్టి, చేతులు గుండె దగ్గర ఉంచి, సమానుడికి పెట్టినట్టు పెట్టాను. వేలెడు కూడా పైకెత్తలేదు. అద్దం మూసుకుంది. టీ అంగడాయన నాకు టీ ఊరికే ఇచ్చాడు.

మస్తానన్న అన్నట్టే అయింది. ఆళ్ళగడ్డ చుట్టూ పెళ్ళిళ్ళు ఆయనకు రాకుండా పోయాయి. నా టూర్లలో వండాడు, మిగతా రోజుల్లో నంద్యాలలో బొరుగుల ఉగ్గాని, బజ్జీల బండి పెట్టుకున్నాడు. బజ్జీ ఒక్కోటి దిండంత ఉండేది.

నాకు మాత్రం ఒక సంగతి తొలిచేది. ఒక పొద్దున బండి దగ్గర ఎవరూ లేనప్పుడు అడిగేశాను.

"మస్తానన్నా, ఆ పొద్దు నువ్వు తువ్వాలు తీసి బయల్దేరినావు. మళ్ళా ఎందుకాగినావు? నన్ను చూసి ధైర్యమొచ్చిందా?"

మస్తానన్న బజ్జీ తిప్పుతూ నన్ను కిందికీ పైకీ చూశాడు.

"నిన్ను చూసి ధైర్యమా? ఆ పొద్దు నీ మొగం చూసుకున్నావా నువ్వు? ఆకలైతాందని ప్లేటు చాపితివి. అన్నం అడిగినోన్ని అట్లనే నిలబెట్టి నేను యాడికి పోతానప్పా? నీకు పెడ్తిని, ఆ వెనకాయనకు పెడ్తిని, ఆ వెనకాయనకు పెడ్తిని. అందరికీ పెట్టేసరికి కాళ్ళ సంగతే మర్చిపోతిని."

అప్పటిదాకా ఆ కథను నేను నా ధైర్యం కథగా జిల్లా అంతా చెప్పుకుని తిరిగాను. ఆ పొద్దున అందులో సగం మస్తానన్నకు రాసిచ్చేశాను. మిగతా సగం నాదే. అది మాత్రం ఎవరికీ ఇవ్వను, కాళ్ళు పట్టుకున్నా సరే.